రెండో ఎర్ర సీసా

పిన్ని ఎప్పుడూ సాయంత్రాలే ఫోన్ చేస్తుంది. పోయిన మంగళవారం పొద్దున, మా అమ్మాయికి జడ వేస్తుండగా ఫోన్ మీద ఆవిడ పేరు కనిపించేసరికి నా చెయ్యి ఆగిపోయింది.

"మీ బాబాయి గారు వెళ్ళిపోయారమ్మా" అంది.

గొంతులో ఏడుపు లేదు. ముందురోజు రాజమండ్రిలో, ఆవిడ లోపల డయాలిసిస్ మిషన్ మీద ఉండగా, బయట వరండాలో కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయారట. మధ్యలో చెప్తే ఆవిడకేమవుతుందోనని నర్సులు రక్తమంతా తిరిగి ఎక్కించేదాకా ఊరుకున్నారట. మంచం దిగి చెప్పులు వెతుక్కుంటుంటే చెప్పారట.

"నేను పోతే ఆయనకి అన్నం ఎవరు పెడతారా అని ఇన్నేళ్ళూ అదే ఆలోచన. ఇలా అవుతుందని ఒక్కనాడూ అనుకోలేదే" అంది పిన్ని. "నేను వస్తున్న పిన్నీ" అన్నాను. రెండోవైపు జడ వేయకుండానే పిల్లను బడికి పంపాను.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. మాది నిజామాబాద్ దగ్గరి పల్లె, వాళ్ళది తణుకు పక్క. సౌదీలో, అల్ ఖోబర్‌లోని అల్ అజీజియాలో మా రెండు ఇళ్ళకీ తలుపులు ఎదురెదురు, అంతే. పెళ్ళయిన కొత్తలో నేను అక్కడికి వెళ్ళిన వారానికి "నమస్తే అంకుల్" అంటే ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నారు. "ఆఫీసులో అందరికీ సార్‌ని. ఇంటికొచ్చాక కూడా అంకులేంటమ్మా? బాబాయి అను, నేనూ మనిషినని గుర్తుంటుంది" అన్నారు. అలా బాబాయి గారయ్యారు. ఆవిడ పిన్ని అయింది.

ఆయన ఉద్యోగం ఏమిటో అర్థం కావడానికి నాకు కొన్నాళ్ళు పట్టింది. దమ్మాంలో శీతల పానీయాలు దిగుమతి చేసుకునే ఒక కంపెనీలో ఆయన రుచి చూసే అధికారి. వయసులో ఉన్నప్పుడు జర్మనీ వెళ్ళి ఆ చదువు చదివారు. రైన్ నదికి పడమటి వైపు ఫాల్ట్స్ అని ఒక ద్రాక్షతోటల సీమ ఉంది. అక్కడ కొన్నేళ్ళు పనిచేసి, వైన్‌లోంచి ఆల్కహాల్ తీసేసే పద్ధతులు నేర్చుకున్నారు. గాలి తీసేసిన పాత్రలో గోరువెచ్చటి వేడికే ఆల్కహాల్ ఆవిరై పోతుందట. దాంతోపాటు వాసన కూడా పోతుంది. ఆ వాసనను విడిగా పట్టి మళ్ళీ కలుపుతారు. అలా తయారైన ద్రాక్ష పానీయం సౌదీ దుకాణాల్లో రాజమార్గంలో అమ్ముతారు. దానికి సరైన సరుకు ఎంచేది బాబాయి గారి ముక్కు.

ఆ ముక్కును ఆయన పసిపిల్లలా చూసుకునేవారు. సెంటు పూసుకునేవారు కాదు. అగరొత్తులు పిన్ని బాల్కనీలోనే వెలిగించాలి. మా ఇంట్లో ఏం పెట్టినా కంచం ముఖం దాకా ఎత్తి, కళ్ళు మూసుకుని ఒక్కసారి పీల్చాకే చెయ్యి పెట్టేవారు. "గోంగూర బాగా కడిగావు గానీ వెల్లుల్లి కాస్త మాడింది" అనేవారు. కోపం వచ్చేది కాదు, ఎందుకంటే నిజంగానే మాడేది. నేను గబగబా వడ్డిస్తుంటే "ఆగమ్మా, వాసనకి మాట్లాడే టైమివ్వాలి" అనేవారు. ఇప్పటికీ పోపు వేశాక ఆ మాట వినపడి చెయ్యి నెమ్మదిస్తుంది.

పిన్నికి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు ఖోబర్‌లోనే ఆసుపత్రిలో డయాలిసిస్. ఖర్చంతా కంపెనీ ఇన్సూరెన్స్ మీద నడిచేది. వాళ్ళకి పిల్లలు లేరు. కంపెనీ ఉన్నంతకాలం పిన్ని ఉంటుంది, ఆ ఇంట్లో ఎవరూ పైకి అనని మాట అది.

కుటుంబాల మీద లెవీ మొదలైన ఏడాది మా బిల్డింగ్ ఖాళీ అవడం మొదలైంది. భార్యాబిడ్డలను ఉంచుకుంటే సర్కారుకు తలకింత కడితేనే ఇకామా, అంటే అక్కడ ఉండే అనుమతి, రెన్యువల్. అది ఏటేటా పెరుగుతుందన్నారు. మెట్ల మీద ఎప్పుడు చూసినా పరుపులు, మడతపెట్టిన ఊయలలు, "అమ్మబడును" అని కాగితం అంటించిన ఫ్రిజ్‌లు. పై అంతస్తు మలయాళీ ఆవిడ తన తులసికుండీ నా చేతిలో పెట్టి వెళ్ళింది. అదే సమయంలో బాబాయి గారి కంపెనీ నితాకత్‌లో పసుపు రంగులోకి దిగింది. ఉద్యోగుల్లో సౌదీలు తగినంతమంది లేకపోతే సర్కారు కంపెనీకి అలా రంగు తగ్గిస్తుంది. రంగు తగ్గితే పరాయివాళ్ళ కాగితాలు కదలవు. బాబాయి గారి కింద పని నేర్చుకోవడానికి ఒక సౌదీ అమ్మాయిని చేర్చారు. "తెలివైన పిల్ల. నా కుర్చీలోకే వస్తుంది. ఎప్పుడన్నదే తేలాలి" అన్నారు ఆయన, దాచకుండా.

ఆ చలికాలం ఆయనకు ఒక జలుబు చేసింది. అందరికీ చేసేదే.

నాకప్పుడు నాలుగో నెల. వాసనలంటే పిచ్చెక్కిపోయే రోజులు. ఒక సాయంత్రం మాడిన పప్పు వాసన వచ్చింది. మా పొయ్యి ఆరిపోయే ఉంది. ఎదురింటి తలుపు నెట్టుకుని వెళితే వంటింట్లోంచి నల్లటి పొగ. పిన్ని లోపల గదిలో పడుకుని ఉంది. బాబాయి గారు వంటింటి గుమ్మానికి వీపు పెట్టి కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నారు.

పరుగెత్తి పొయ్యి ఆపాను. "ఏంది బాబాయ్ గారూ, గింత మాడుతుంటే తెలుస్తలేదా?" అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి పొగను చూశారు. తర్వాత నన్ను చూశారు. ఆ చూపు నేను మర్చిపోలేను. దొంగతనం చేసి దొరికినవాడి చూపు కూడా కాదు, మునుగుతున్నవాడి చూపు.

"జలుబుతో పాటే పోయిందమ్మా" అన్నారు మెల్లగా. "నెల దాటింది. వస్తుందనుకున్నాను. డాక్టరేమో రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. ఉప్పు, పులుపు, తీపి, వగరు నాలుక చెప్తోంది. అంతే. మీ పిన్నికి కూడా చెప్పలేదు."

లోపలి గదిలోంచి పిన్ని అంది: "నాకు తెలుసు. కంచం ఎత్తుతున్నారు గానీ కళ్ళు మూయడం లేదు."

ఆ రోజు ముగ్గురం ఆ పొగలోనే చాలాసేపు కూర్చున్నాం. విషయం ఆఫీసులో తెలిస్తే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే ఫైనల్ ఎగ్జిట్, ఇక దేశం వదిలి పోవాల్సిందే. అప్పుడు పిన్నికి మిషన్ ఎక్కడ దొరుకుతుందో, ఖర్చెవరు పెడతారో ఎవరికీ తెలియదు. ఆయన అప్పటికే ఊళ్ళో వాకబు చేయించారు, రాజమండ్రిలో డయాలిసిస్ కోసం వరసలో ఉండాలన్నారట. కొన్ని నెలలు గడిస్తే పేరు పైకి వస్తుంది. ఆ కొన్ని నెలలే ఆయనకు కావాలి.

అంతలో ఫాల్ట్స్ నుంచి నమూనాలు వచ్చాయి. ఆయన పని నేర్చుకున్న సీమ నుంచే. తెల్లవి, ఎర్రవి, ఆల్కహాల్ తీసేసినవి. వాటిలో నచ్చినవి ఎంచి పెద్ద ఆర్డర్ పెడితే కంపెనీ నిలదొక్కుకుంటుందని మేనేజర్ ఆశ. అతను జోర్డాన్ మనిషి, తన కుటుంబాన్నీ అప్పుడే అమ్మాన్ పంపేసి ఒంటరిగా ఉంటున్నాడు. మూడు రోజుల్లో అందరి ముందూ రుచి చూసి బాబాయి గారు తేల్చి చెప్పాలి.

బాబాయి గారు మా గుమ్మంలో నిలబడి, నన్ను కాక మా ఆయన్ని అడిగారు. "బాబూ, అమ్మాయి ముక్కు నాకు రెండు సాయంత్రాలు అరువు కావాలి" అన్నారు. నవ్వబోయి నవ్వలేకపోయారు.

మా ఆయన భయపడ్డాడు. "వైన్ అంటున్నరు, ఇంట్ల పెట్టుకుంటే..." అన్నాడు. అందులో ఆల్కహాల్ లేదని, కాగితాలున్నాయని బాబాయి గారు చెప్పారు. మా ఆయన "పిన్ని కోసం సార్" అన్నాడు.

మొదటి సాయంత్రం తెల్లవి. ఆయన ఆఫీసు నమూనాల్లోంచి కాస్త కాస్త చిన్న సీసాల్లో పోసి టిఫిన్ సంచిలో తెచ్చారు. వాళ్ళ వంటింటి బల్ల మీద తెల్ల కాగితం పరిచి గ్లాసులు పెట్టారు. "నువ్వు నోట పెట్టకు. వాసన చాలు. గ్లాసు ఇలా తిప్పు. పెద్దగా పీల్చకు, పిల్లి పాలగిన్నె దగ్గరికి వెళ్ళినట్టు వెళ్ళు. ఏది గుర్తొస్తే అది చెప్పు, ఎంత పిచ్చిగా ఉన్నా సరే."

మొదటిదాని మీద ముక్కు పెట్టాను. నిమ్మ వాసన వచ్చింది. దాని వెనక ఇంకేదో ఉంది. చెప్పడానికి సిగ్గేసింది.

"చెప్పమ్మా."

"కిరోసిన్ స్టవ్ పక్కపొంటి నిమ్మకాయ కోసినట్టున్నది, బాబాయ్ గారూ. ఖరాబైందేమో."

ఆయన బల్ల మీద చెయ్యి చరిచారు. "ఖరాబు కాదే పిచ్చిపిల్లా! అది రీస్లింగ్ ద్రాక్ష. మంచి రీస్లింగ్ ముదిరితే వచ్చే వాసనే అది. అక్కడి ముసలి మేస్త్రీ నాకిది ఏడాదిపాటు నేర్పాడు. నువ్వు ఒక్కసారికే..." ఆ గ్లాసు తను తీసుకుని, ఏమీ తెలియని ముక్కుతో చాలాసేపు పీల్చారు. కళ్ళు మూసుకునే పీల్చారు. పిన్ని గోడవైపు తిరిగింది.

తర్వాతిది తడి పలకలా ఉందన్నాను. ఇంకోటి పచ్చి మామిడి తొక్కు కలిపిన గిన్నె కడిగాక మిగిలిన వాసనన్నాను. "తొక్కంటే పచ్చడేనా?" అని అడిగి, నా మాటలను తన భాషలోకి మార్చుకుంటూ పెదవులు కదిపారు. ఆయన నాలుక మీద వేసుకుని పులుపు, తీపి చూసి ఉమ్మేసేవారు. నా ముక్కు, ఆయన నాలుక కలిపి ఒక మనిషిని తయారు చేశాం. చాలా రోజుల తర్వాత పిన్ని ఆ రోజు నవ్వింది.

రెండో సాయంత్రం ఎర్రవి. ఆ రోజు మా ఆయన కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నల్లద్రాక్షను తొక్కతో పాటు నానబెడితే ఎరుపు, తొక్క తీసి రసమే పులియబెడితే తెలుపు, వగరంతా తొక్కదేనని ఆయన చెప్పారు. మొదటి ఎరుపు బాగా మగ్గిన అల్లనేరేడు పండ్లలా ఉంది. రెండోదాని దగ్గరికి వంగాను. నేరేడే. కానీ నేరేడు కంటే ముందు ఇంకేదో చురుక్కుమంది.

గ్లాసు దించాను. మళ్ళీ ఎత్తాను.

"సూది ఏసే ముందు దూదితోని తుడుస్తరు సూడుండ్రి, గా వాసన."

బాబాయి గారు ఒక చుక్క నాలుక మీద వేసుకున్నారు. తల అడ్డంగా ఊపారు, నాలుకకేమీ తెలియడం లేదు. పిన్ని లేచి వచ్చి గ్లాసు అందుకుంది, మళ్ళీ పెట్టేసింది. "నా నోట్లో ఎప్పుడూ ఇనుము రుచే. నాకేం తెలుస్తుంది" అంది. 

"పోయిన వాసనను తిరిగి కలిపేటప్పుడు దాంతోపాటు స్పిరిట్ కూడా కలిసిపోయుంటుంది" అన్నారు బాబాయి గారు. ఆ మాట అర్థమయ్యేసరికి నేను బల్ల దగ్గర్నుంచి వెనక్కి జరిగాను. అంటే ఆ బల్ల మీద ఉన్నది మందు. సౌదీలో, మా ఎదురింటి వంటింట్లో. మా ఆయన సీసా లాక్కుని సింకులో ఒంపి కుళాయి మొత్తం తిప్పాడు. కిటికీలు తీశాం. పిన్ని ఆ సింకులో సబ్బుపొడి గుమ్మరించి, రుద్దడానికి బలం చాలక ఏడ్చింది.

"నా ముక్కును నమ్మకుండ్రి బాబాయ్ గారూ. కడుపుతోని ఉన్నప్పుడు లేని వాసనలు గూడ వస్తయంట" అన్నాను. నిజంగానే బతిమాలాను. నా మాట మీద ఆ ఇంటి బతుకు ఆధారపడటం నాకు వద్దు.

"ఏవండీ, ఊరుకోండి" అంది పిన్ని. "కాగితం శుభ్రంగా ఉందన్నారుగా. బాగుందని చెప్పేయండి. నా పేరు వరసలో పైకి రానీయండి. ఆ తర్వాత మీ ఇష్టం."

"కాగితానికి ముక్కు లేదే" అన్నారాయన.

"మీకూ లేదు."

ఆ మాట అన్నాక పిన్ని చేత్తో నోరు మూసుకుంది. ఆయన కోపగించుకోలేదు. కుర్చీలో కూలబడి, నేను అనుకున్నదానికంటే చాలా చిన్న గొంతుతో అన్నారు. "పోర్టులో దొరికితే సంతకం నాది, నన్ను తీసుకెళ్తారు. అది సరే. దొరక్కపోతేనో? ముట్టకూడదని ముట్టనివాడు నా సంతకం నమ్మి కొంటాడు. రంజాన్ నెలలో ఇంటికి తీసుకెళ్ళి పిల్లలకి పోస్తాడు. ఇన్నేళ్ళు ఈళ్ళ అన్నం తిన్నానే."

మరుసటి రోజు పొద్దున ఆయన చొక్కా పిన్నే ఇస్త్రీ చేసింది.

ఆఫీసులో జరిగింది ఆయన ఆ సాయంత్రం మా ఇంట్లో నిలబడే చెప్పారు. తెల్లవాటి గురించి చెప్తుంటే అందరూ తలలూపారట. రెండో ఎర్రదాని దగ్గర "ఇది వద్దు, ఇందులో స్పిరిట్ ఉంది, పరీక్ష చేయించండి" అన్నారు. మేనేజర్ కాగితం చూపించాడు. మిగతావాళ్ళు వాసన చూసి మాకేమీ రావడం లేదన్నారు. మేనేజర్ గ్లాసులన్నీ తీయించి, వరస మార్చి మళ్ళీ పెట్టించాడు. "ఇందులో రెండోది ఏదో చూపించండి" అన్నాడు.

"అన్నీ ఒక్కొక్కటే ఎత్తానమ్మా" అన్నారు బాబాయి గారు. "నీళ్ళు పీల్చినట్టే ఉంది. ఊరికే ఒకటి చూపిద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు. నాకు వాసన తెలియడం లేదు, తెలిసినవాళ్ళు చెప్పారు అన్నాను. ఎవరు అన్నాడు. నీ పేరు ఎలా చెప్తాను? నీది డిపెండెంట్ వీసా, పైగా కడుపుతో ఉన్న పిల్లవి. ఊరుకున్నాను."

మేనేజర్ తిట్టలేదట. "నువ్వు నాకు ముందే చెప్పి ఉండాల్సింది" అని మాత్రం అన్నాడట. అందరూ లేచి వెళ్తుంటే ఆ సౌదీ అమ్మాయి ఒక్కతే ఆగి, రెండో ఎర్రదాంట్లో మిగిలినదాన్ని పరీక్ష సీసాలో పోసి మూత బిగించింది. "ఉస్తాద్, మీరు చెప్పారు కాబట్టి నేను పంపిస్తాను" అంది.

నెల తిరక్కుండానే ఫైనల్ ఎగ్జిట్ పడింది. రాజమండ్రిలో పిన్ని పేరు ఇంకా వరసలోనే ఉంది. వెళ్ళేముందు డయాలిసిస్ ఎంత ఆలస్యంగా చేయించుకుంటే అంత మేలని, ఫ్లైటు రోజు పొద్దున కూడా ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అటునుంచి అటే ఎయిర్‌పోర్టు. ఊళ్ళో ఆ మొదటి రోజులు ఎలా గడిచాయో పిన్ని నాకు తర్వాతెప్పుడో చెప్పింది. ఒళ్ళంతా నీరు చేరి, ఊపిరాడక, కూర్చునే నిద్రపోయేదట. బాబాయి గారు ఆవిడ రిపోర్టుల ఫైలు పట్టుకుని ఆసుపత్రి ఆసుపత్రికీ తిరిగారు. చివరికి ఒకచోట ఒక రోగి చనిపోయి మంచం ఖాళీ అయితే పిన్నికి దొరికింది. "ఎవరో పోతేనే మేం బతికామమ్మా" అన్నారు ఫోన్‌లో. ఆయన నోట అంత చేదు మాట అదొక్కటే విన్నాను.

పరీక్ష ఫలితం వాళ్ళు వెళ్ళిపోయాక వచ్చింది. ఆ కంపెనీ స్టోర్‌లో పనిచేసే కరీంనగర్ అతను మా ఆయనకు చెప్పాడు. రెండో ఎర్రదాంట్లో ఆల్కహాల్ ఉండాల్సిన హద్దు దాటి ఉందట. దాన్ని వదిలేసి తెల్లవి మాత్రం తెప్పించుకున్నారట. నేను వెంటనే బాబాయి గారికి ఫోన్ చేసి చెప్పాను.

"నీ ముక్కు మంచిదమ్మా" అన్నారు. ఆ తర్వాత "పిన్నికి చెప్పకు. ఆవిడ ఆ రోజు అన్న మాటకి ఇప్పటికే బాధపడుతోంది" అన్నారు.

కంపెనీ నుంచి ఎవరూ ఫోన్ చేయలేదు. ఆ సౌదీ అమ్మాయి మాత్రం ప్రతి రంజాన్‌కీ ఒక మెసేజ్ పెట్టేదట, అది నాకు చదివి వినిపించేవారు. ఏడో నెలలో నేనూ పుట్టింటికి వచ్చేశాను. లెవీ మరింత పెరగడంతో తిరిగి వెళ్ళనేలేదు. మా ఆయన ఒక్కడే అక్కడ ఇంకో గదిలోకి మారాడు.

కిందటేడు మా అమ్మాయిని తీసుకుని తణుకు వెళ్ళాను. ఆయన చాలా చిక్కిపోయారు. ముక్కు మరి రాలేదు. ఆ రోజు డయాలిసిస్ రోజు కావడంతో నేనూ వాళ్ళతో బస్సులో రాజమండ్రి వెళ్ళాను. వరండాలో ఆయన నాకు చోటు చూపించి, ఏ నర్సు మంచిదో, ఏ పంపులో మంచినీళ్ళు వస్తాయో చెప్పారు. అంతా సొంత ఇల్లులా చెప్పారు. నాకు ఏడుపొచ్చింది.

తిరిగి వస్తుంటే గోదావరి వంతెన మీద బస్సు ఆగిపోయింది. పక్కనే ఎండుచేపల లోడు లారీ ఒకటి ఇరుక్కుని ఉంది. ఆ కంపుకి బస్సులోవాళ్ళంతా తిట్టుకుంటూ కిటికీల అద్దాలు కిందికి దించి మూసేశారు, కొంగులూ తువ్వాళ్ళూ ముక్కులకు కట్టుకున్నారు. మా అమ్మాయి నా ఒళ్ళో ముఖం దాచుకుంది. ముందు సీట్లో ఒక్క కిటికీ మాత్రం తెరిచే ఉంది. మిషన్ మీంచి దిగిన అలసటలో పిన్ని ఆయన భుజం మీద నోరు కొద్దిగా తెరుచుకుని నిద్రపోతోంది. ఆవిడకు గాలి తగలాలని బాబాయి గారు జారిపోతున్న ఆ అద్దాన్ని చేత్తో పైకి ఎత్తి పట్టుకుని కూర్చున్నారు. బస్సు కదిలేదాకా ఆ చెయ్యి దించలేదు.